మోకాలెత్తు గోంగూర

మలేషియాలోని క్లాంగ్‌లో ఇల్లు కొన్న కొత్తలో మేం మొదట చేసిన పని పెరట్లో సిమెంటు పోయించడం. అన్నీ వరస ఇళ్లు, వెనక మిగిలేది పదడుగుల వెడల్పు. బురద ఉండదు, పాములు రావు, బట్టలారేసుకోవచ్చు అనుకున్నాం. మా వీధంతా అదే చేసింది. పోయినేడు రిటైరయ్యాక అందులో నాలుగడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు పగలగొట్టించాను. అడుగున బయటపడ్డది ఇల్లు కట్టినప్పుడు పోసిన పూడిక మట్టి. ముద్దలా ఉంది, వాసన లేదు, వెతికినా ఒక్క వానపాము కనిపించలేదు. ఆ మట్టిని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

నేను పుట్టింది పేరా రాష్ట్రంలోని బగన్ దాతోలో, కొబ్బరి తోటల మధ్య. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి మేస్త్రీ వెంట కూలికొచ్చాడు. తోటకూలీల లైను ఇంటి వెనక మామ్మ మడి ఉండేది: బెండ, వంగ, బచ్చలి, కంచె పొడుగునా మునగ. ఆ మడి దొర దయతో దొరికిందనుకునేదాన్ని. అది చట్టం. పెళ్లాంబిడ్డలున్న తోటకూలికి ఎకరంలో పదహారో వంతు సాగుకివ్వాలని 1923 నాటి కార్మిక చట్టంలో ఉంది. మన లెక్కలో మూడొందల గజాలు. అన్ని తోటల్లోనూ అది అక్షరాలా అమలైందని నేననను. కానీ జపానువాళ్ల ఏలుబడిలో, 1942 నుంచి 1945 దాకా, బియ్యం కరువైనప్పుడు లైను ఇళ్లవాళ్లను బతికించింది అలాంటి నేలలో వేసుకున్న కర్రపెండలమే. మామ్మ దాన్ని మళ్లీ జన్మలో నోట పెట్టలేదు, కానీ పెరటి చివర రెండు కర్రలు ఎప్పుడూ నాటి ఉంచేది.

కూలికి చట్టం మూడొందల గజాలు చూపించింది. సొంత ఇల్లు కొనుక్కున్న మనం, ఉన్న ఇరవై గజాలనూ చేతులారా మూసేసుకున్నాం. 1974లో ప్రధాని తున్ అబ్దుల్ రజాక్ ‘పచ్చ పుస్తకం’ పథకం పెట్టి ఇంటింటా కూరలు పండించమన్నారు. అప్పుడు నేను బడిపిల్లని. ఆ మాట మళ్లీ ఎవరైనా గట్టిగా అనాలని నా కోరిక.

నా మొదటి పంట టమాటా. నాటిన నెలన్నరకు, పొద్దున పచ్చగా ఉన్న మొక్క సాయంత్రానికి ఆకు పచ్చగానే వాలిపోయింది. వరసగా ఆరు మొక్కలు పోయాయి. పక్కింటి మక్‌చిక్ (మలయ్ భాషలో పిన్ని) గోడ మీంచి చూసి, కింద నేలలో టమాటా వేస్తే వేరు నుంచే తెగులు పడుతుందనీ, అది కామెరాన్ కొండల చలిలో పండే పంట అనీ చెప్పింది. ఆవిడ చెప్పినట్టే మట్టిని అడుగెత్తు పోసి మడి కట్టాను. ఈ వానలకు మట్టి పులుపెక్కుతుంది కాబట్టి డోలమైట్ సున్నం కలిపాను. మాగిన కోళ్ల పెంట వేశాను, ఎండుటాకు కప్పాను. బజారులో కొన్న కంకుంగ్, అదే మన తూటికూర, ఆకు వండుకుని కాడలు గుచ్చితే నాలుగు రోజుల్లో వేళ్లు తొడిగాయి. కుండీల కింద పళ్లాలు మాత్రం పెట్టవద్దంది ఆవిడ. నీళ్లు నిలిస్తే డెంగీ దోమ పెరుగుతుంది. ఇంట్లో ఆ దోమ పిల్లలు దొరికితే 1975 చట్టం కింద జరిమానా కూడా.

ఇక గోంగూర. గింజలు శ్రీకాకుళం నుంచి పెట్టెలో తెచ్చుకోవాలనిపించింది గానీ, అనుమతి లేకుండా విత్తనం తేవడం ఇక్కడి మొక్కల క్వారంటైన్ చట్టానికి విరుద్ధం. ఆ చట్టం మంచిదే. బగన్ దాతోలో ఉన్న ఓ పెద్దమ్మ గుప్పెడు గింజలిచ్చింది. బాగా మొలిచాయి. మోకాలెత్తుకు వచ్చాయో లేదో పూత! ఆకు సన్నబడిపోయింది. ఎరువు తక్కువైందేమో, నా చేయి మంచిది కాదేమో అని వారం రోజులు మథనపడ్డాను. పెద్దమ్మకు ఫోన్ చేస్తే, “పొడుగు పెంచుకుని ఆకు తుంచుకోడానికి ఇది సిక్కోలు కాదే అమ్మా. నెలకోసారి జల్లు, జానెడు ఎదగ్గానే పీకి వండుకో” అంది.

అప్పుడు గుర్తొచ్చింది. మామ్మ గోంగూర తుంచగా నేనెప్పుడూ చూడలేదు. వేళ్లతో సహా పీకి, కాలవలో జాడించి తెచ్చేది. తర్వాత చదివితే తెలిసింది, గోంగూర పగటి పొడుగును బట్టి పూస్తుంది. శ్రీకాకుళంలో తొలకరికి పగలు పదమూడు గంటలు దాటుతుంది కాబట్టి మొక్క ఏపుగా ఎదిగి, పొద్దు తగ్గాకే పూతకొస్తుంది. భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దూరంలో ఉన్న మాకు ఏడాదంతా పగలు ఇంచుమించు పన్నెండు గంటలే. మొక్క ఎదిగే లోపే పూసేస్తుంది. చదువురాని మామ్మ ఈ లెక్కను మడిలోనే కనిపెట్టి, ఊరి అలవాటు పక్కన పెట్టింది. నేను మాత్రం పుస్తకాలు తిరగేసి మరీ ఊరి అలవాటునే పట్టుకున్నాను.

అలాగని గోంగూర ఈ దేశానికి పరాయిది కాదు. మలేషియా జాతీయ పుష్పం బుంగ రాయ మన మందారమే, గోంగూరకు దగ్గర చుట్టం. పొగాకుకు బదులుగా ఇక్కడి ప్రభుత్వం రైతులతో వేయించిన కెనాఫ్ మన గోగే. 2010లో పొగాకు బోర్డు పేరులో దాన్నీ చేర్చారు. ఆ గోగునారనే ఒకప్పుడు వ్యాపారులు భీమిలి రేవు పేరుతో బిమ్లీ జూట్ అనేవారు.

నా మనవరాలికి తెలుగు చదవడం రాదు. ఈ ఆరు నెలల్లో మడి దగ్గర బచ్చలి, తూటికూర, పాదు, పిందె అనే మాటలు నేర్చుకుంది. బడిలో మలయ్‌లో చెప్పే బెండి, ఇంట్లో బెండ ఒకటేనని తనే కనిపెట్టి చప్పట్లు కొట్టింది. ఇక్కడి తెలుగువాళ్లకు 1955 నుంచి సంఘం ఉంది, 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరుపుకున్నాం. పిల్లలకు తెలుగు పాఠం చెప్పే ప్రతి హాలు పక్కన నాలుగడుగుల మడి కూడా ఉండాలని నేను అడుగుతున్నాను. పెద్ద ఖర్చేమీ కాదు. నా సిమెంటు పగలగొట్టడానికి ఇద్దరు మనుషులకు ఒక పూట పట్టింది.

తొందరగా పూసిన ఆ మొక్కల్ని పీకకుండా వదిలేశాను. కాయలు ఎండి, ఇప్పుడు రెండు గ్లాసుల గింజలున్నాయి. మా ఆయన పాత క్యాలెండరు కాగితాలతో పొట్లాలు కడుతున్నారు. ఉగాదికి సంఘం హాలుకు తెస్తాను. పొట్లం తీసుకునే ముందు, మీ పెరట్లో ఎన్ని అడుగుల మట్టి తెరిచారో చెప్పండి.