ఓడిన వాళ్లకే నేల ఎంచుకునే హక్కు

"అత్తా, వాడు నా కొండని లెక్కలోంచి తీసేశాడు!"

ఎనిమిదేళ్ల మా మేనకోడలు కళ్ల నిండా నీళ్లతో వంటింట్లోకి వచ్చి ఈ మాట అన్నప్పుడు నేను పప్పుకి తాలింపు వేస్తున్నాను. కొండేమిటో, లెక్కేమిటో బోధపడలేదు. పొయ్యి కట్టేసి చెయ్యి తుడుచుకుంటూ దాని వెనకాలే వెళ్లాను.

నిరుడు వేసవిలో న్యూజెర్సీలోని మా తమ్ముడింట్లో నాలుగు నెలలున్నాను. తమ్ముడూ మరదలూ పొద్దున్నే ఉద్యోగాలకి వెళ్లిపోతారు. పిల్లలకి సెలవులు. పిల్లాడికి పదమూడేళ్లు, పిల్లకి ఎనిమిది. ఇంట్లో ఉన్న పెద్దదిక్కుని నేనే కాబట్టి తగవులన్నీ నా దగ్గరికే వచ్చేవి. మంచినీళ్ల సీసా దగ్గర్నుంచి కుర్చీ దాకా చాలా తగవులు తీర్చాను గానీ, ఈ కొండ తగవు మాత్రం ఓ పట్టాన తెమల్లేదు. ఇండియాకి తిరిగొచ్చాక కూడా దాని గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

ఆ ఆట పేరు సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలే. జపాన్‌లో నింటెండో వాళ్లు 2001లో గేమ్‌క్యూబ్ అనే తమ యంత్రం కోసం తెచ్చారు. తయారుచేసింది హాల్ లేబొరేటరీ, దర్శకుడు మసాహిరో సకురాయ్. (బ్రదర్స్ అట! సిస్టర్స్ సంగతి కాసేపట్లో చెబుతాను.) మా తమ్ముడు ఎమ్మెస్ చదివే రోజుల్లో కొనుక్కున్న యంత్రం అది. పాత డబ్బా టీవీతో సహా అటక మీంచి దించి పిల్లలకిచ్చాడు. ఇంట్లో కొత్తవి ఉన్నా వాళ్లకి దీని మీదే మోజు.

"చిన్నపిల్లల చేత కొట్లాట ఆటలు ఆడించడమేమిటమ్మా?" అని మీరు అడగొచ్చు. నేనూ అలాగే అడిగాను. చూశాక ఆ భయం పోయింది. రక్తం లేదు, గాయం లేదు. దెబ్బ తగిలినకొద్దీ మన బొమ్మ కింద ఒక శాతం పెరుగుతూ పోతుంది. అది పెరిగినకొద్దీ ఎదుటివాళ్లు కొడితే మరింత దూరం ఎగిరి పడతాం. తెర అంచులు దాటి అవతల పడితే ఒక ప్రాణం పోయినట్టు. అంతే. మన కోడిపందేల కన్నా నయం.

ఇలా కొట్టుకోవడానికి ఆ ఆటలో మొత్తం 29 చోట్లున్నాయి. వాటిని స్టేజీలంటారు. కొన్ని కదలకుండా బల్లలా పరచుకుని ఉంటాయి. కొన్ని మాత్రం ఊరుకోవు. ఒకదాంట్లో ఎగిరే ఓడ ఎక్కి ఆకాశంలో పోతూ కొట్టుకోవాలి. ఇంకోదాంట్లో పరుగు పందెం కార్ల మీద నిలబడాలి. పొరపాటున రోడ్డు మీద కాలు పెడితే వెనక్కి కొట్టుకుపోతాం. అన్నిటికన్నా మొండిది ఐసికిల్ మౌంటెన్, అంటే మంచు కొండ. మా పిల్ల "నా కొండ" అన్నది దీన్నే.

ఈ కొండ మీద నిలబడి కొట్టుకోవడం కుదరదు. తెర పైకి జరుగుతూ ఉంటుంది. మనం నిలబడ్డ మెట్టు కిందికి జారిపోతూ ఉంటుంది. పై మెట్టుకి ఎగరాలి, మళ్లీ ఆ పైదానికి ఎగరాలి. కాళ్ల కింద మంచు జారుతుంది. కొన్ని మెట్లు పగిలిపోతాయి. కాసేపు నెమ్మదిగా జరిగిన తెర ఉన్నట్టుండి ఉరుకుతుంది. ఒక్కోసారి దారి మార్చుకుని కిందికే దిగుతుంది. పొరపాటున కింద అంచు దాటామా, ప్రాణం పోయింది. ఎవరూ కొట్టనక్కర్లేదు. వెనకబడితే చాలు.

మా మరదలు ఓ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఈ తమాషా చూస్తూ నిలబడింది. "ఇది మా ఆఫీసు వదినా" అంది. పిల్ల పుట్టాక రెండేళ్లు ఇంట్లో ఉండి మళ్లీ ఉద్యోగానికి వెళ్లిన మనిషి తను. ఇంకేమీ అనకుండా స్నానానికి వెళ్లిపోయింది.

ఇక తగవు సంగతి. బల్లలాంటి స్టేజీల మీద అన్నదే గెలుపు. వాడి వేళ్లు మిషను సూదిలా ఆడతాయి. చెల్లెలు ఒక దెబ్బ కొట్టేలోపు వాడు ఐదు కొడతాడు. నెల రోజుల్లో అది ఒక్కసారీ గెలవలేదు. ఒక రోజు అనుకోకుండా మంచు కొండ తగిలింది. అన్నకి కొట్టడం అలవాటు కదా, చెల్లెల్ని కొట్టడానికి ఆగాడు. కొండ ఆగలేదు. వాడు కిందికి పోయాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ కొట్టబోయాడు, మళ్లీ పోయాడు. చెల్లెలు మాత్రం ఎవర్నీ పట్టించుకోకుండా కోతిపిల్లలా పైకి ఎగబాకింది. వాడి ప్రాణాలన్నీ అయిపోయాయి, దానికి ఒకటి మిగిలింది. ఇల్లెగిరిపోయేలా కేకలు పెట్టింది!

మర్నాడు పొద్దున వాడు ఒక కాగితం తెచ్చి గోడకి అంటించాడు. ఇకనుంచి ఆరు స్టేజీలే చెల్లుతాయని రాశాడు. కొండ అందులో లేదు. అదీ పిల్ల ఏడుపుకి కారణం.

వాడు అబద్ధమాడలేదు సుమా. ఈ ఆటకి అమెరికాలో ఇప్పటికీ పెద్ద పోటీలు జరుగుతాయి. ఇరవై ఏళ్లు దాటిన ఆటని, పాత డబ్బా టీవీల మీద, డబ్బు బహుమతులు పెట్టుకుని ఆడతారు. ఆ పోటీల్లో మామూలుగా చెల్లేవి 29లో ఆరే. ఎగిరే ఓడ స్టేజీని మొదట్లో కొన్నేళ్లు ఒప్పుకున్నారు, తర్వాత దాన్నీ తీసేశారు. గెలుపు ఆడేవాళ్ల నేర్పు వల్ల రావాలి గానీ నేల కదలడం వల్ల రాకూడదన్నది వాళ్ల వాదన.

పోటీల వరకూ ఆ వాదన నాకు సబబుగానే తోచింది. ఏళ్ల తరబడి సాధన చేసి, ఊళ్లు దాటి వచ్చి ఆడేవాళ్లకి ఒకేలాంటి నేల ఉండాలి. కబడ్డీ పోటీలో కోర్టు మధ్యలో గొయ్యి తవ్వం కదా. కానీ మా తమ్ముడి డ్రాయింగ్ రూములో బహుమతి డబ్బేదీ? ఉన్నది ఒక అన్న, ఒక చెల్లెలు. ఎవరికోసమో రాసుకున్న చట్టాన్ని తెచ్చి గోడకి అంటించింది ఎవరు? ఆరింటి మీదా గెలిచేవాడు! ఎప్పుడు అంటించాడు? ఓడిన మర్నాడు!

"అది నన్ను గెలవలేదత్తా. నేను తెర చేతిలో ఓడాను" అన్నాడు వాడు.

"మరి అది ఎందుకు ఓడలేదురా? తెర ఇద్దరికీ ఒకటే కదా" అన్నాను.

"అది కొట్టలేదు. ఊరికే ఎక్కింది. ఎక్కడం ఆట కాదు."

నాకు అక్కడే కోపమొచ్చింది. చూసి ఎగరడం, ఏ మెట్టు పగులుతుందో కనిపెట్టడం, జారే మంచు మీద నిలదొక్కుకోవడం... ఇవన్నీ నేర్పు కాదా? వాడికి చేతనైంది నేర్పు, దానికి చేతనైంది అదృష్టమా? ఈ మాట మనం ఎన్ని చోట్ల వినలేదు! అబ్బాయికి మార్కులొస్తే తెలివి, అమ్మాయికొస్తే బట్టీ. వాడికి ఉద్యోగమొస్తే ప్రతిభ, దానికొస్తే ఎవరో దయ తలిచారు. పదమూడేళ్ల పిల్లాడి మీద ఇంత బరువు పెట్టడం అన్యాయమే, ఒప్పుకుంటాను. కానీ మాట మాత్రం అదే.

ఇప్పుడు సిస్టర్స్ సంగతి. ఈ మంచు కొండకి పాత కథ ఒకటుంది. 1985లో నింటెండో ఐస్ క్లైంబర్ అనే ఆట తెచ్చింది. నీలం కోటు వేసుకున్న పోపో, గులాబీ కోటు వేసుకున్న నానా అనే ఇద్దరు పిల్లలు చేతుల్లో సుత్తులు పట్టుకుని 32 కొండలెక్కుతారు. ఎందుకంటే, గద్దలాంటి పెద్ద పక్షి ఒకటి వాళ్ల కూరగాయలు ఎత్తుకుపోయింది! అందులో వంకాయలు కూడా ఉన్నాయి. వంకాయల కోసం కొండలెక్కేవాళ్లంటే నాకు వెంటనే ఆత్మీయత కలిగింది. ఆలస్యం చేస్తే నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న తెల్ల ఎలుగుబంటి వచ్చి నేలని గుద్ది తెరని పైకి జరిపేస్తుంది. ఇద్దరు కలిసి ఆడేటప్పుడు ఒకరు గబగబా ఎక్కేస్తే తెర వాళ్లతోపాటు పైకి పోతుంది. కింద మిగిలిపోయినవాళ్ల పని అంతే.

ఆ పిల్లలిద్దరూ స్మాష్‌లో కూడా ఉన్నారు. ఒక ఆటగాడికి ఇద్దరూ జంటగా దొరుకుతారు. కానీ మన మాట వినేది ముందున్న పోపో ఒక్కడే. నానా కంప్యూటర్ నడిపించినట్టు, ఒక్క క్షణం ఆలస్యంగా, వాడు చేసిందే చేస్తూ వెనకాల వస్తుంది. మా పిల్ల ఎప్పుడూ వీళ్లనే తీసుకునేది. మొదట్లో "నానా, రా! నానా, రా!" అని అరుస్తుంటే వాళ్ల నాన్నని పిలుస్తోందనుకున్నాను.

కొండ మీద తెర ఉరికినప్పుడు పోపో ఎగిరి పై మెట్టు అందుకునేవాడు. నానా ఒక్కోసారి అందుకోలేక కింద చిక్కుకునేది. మా పిల్ల ఆగిపోయేది. ఆగి, దానితోపాటు తనూ పోయేది.

"దాన్ని వదిలేసి ఎక్కెయ్యవే! అది పోయినా నీకు ప్రాణం తగ్గదు" అనేవాడు అన్న.

నిజమే. ఆట నిబంధనే అది. పోపో పోతే ఒక ప్రాణం లెక్క. నానా పోతే ఏ లెక్కా లేదు. ఆట సాగిపోతుంది, అన్న చెప్పినట్టు వదిలేసి ఎక్కేస్తే సరి. అయితే నానా పక్కన లేకపోతే, ఒకరినొకరు తాడుతో పైకి లాక్కుని ఎగిరే విద్య కూడా పోతుంది. ఒంటరి పోపో ఆ విద్య ప్రయత్నిస్తే పైకి లేచేది బెత్తెడు. అంటే ఆ మనిషి లేకపోతే పని నడవదు. పోతే మాత్రం పుస్తకంలో రాయరు. నేను ఈ వాక్యం రాసి కాసేపు ఆగాను. నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

సరే, తీర్పు చెప్పాలి కదా. "చిన్నపిల్ల, పోనీ ఒకసారి గెలవనీరా" అనడం నాకు ఇష్టం లేదు. దయతో ఇచ్చిన గెలుపు ఎనిమిదేళ్ల పిల్లకైనా చేదుగానే ఉంటుంది. అలాగని ఆ కాగితాన్నీ ఒప్పుకోలేను. వాడి పోటీల సంగతే మళ్లీ అడిగాను. ఒక ఆట అయ్యాక తర్వాతి స్టేజీ ఎవరు ఎంచుకుంటారు? వాడు కాసేపు నసిగి చెప్పాడు. ఓడినవాళ్లట! గెలిచినవాడు ఒకటో రెండో వద్దనొచ్చు గానీ, ఎంపిక మాత్రం ఓడినవాళ్లదేనట. చూశారా, అంత మంచి నియమం ఉంటే, కాగితం మీద మాత్రం తనకి అచ్చొచ్చినదే రాసుకున్నాడు. "అయితే ఇదీ రాయి. మన ఇంట్లో ఓడినవాళ్లు 29లో ఏదైనా ఎంచుకోవచ్చు" అన్నాను. పెన్ను తెచ్చి నేనే రాశాను. తెలుగులో రాసినందుకు వాడు చదవలేకపోయాడు. చెల్లెలు చదివి వినిపించింది.

ఆ తర్వాత వాళ్లు కొత్త సంగతి ఒకటి కనిపెట్టారు. ఆ జంట దుస్తుల రంగు మారిస్తే, కొన్ని రంగుల్లో నానా ముందుంటుంది, పోపో వెనకాల వస్తాడు. మా పిల్ల ఇక ఆ రంగు వదల్లేదు. ఒకసారి కొండ మీద పోపో కింద చిక్కుకుపోయాడు. ఇప్పుడూ ఆగుతుందేమోనని చూస్తున్నాను. ఆగలేదు. "వాడు వస్తాడులే" అని ఎగిరి పైకి పోయింది. పోపో రాలేదు! నేనూ మరదలూ ఎంత నవ్వామో!

2018లో వచ్చిన కొత్త స్మాష్‌లో పోపో, నానా ఉన్నారు గానీ ఈ కొండ లేదు. దాని బదులు సమ్మిట్ అని వేరే మంచు శిఖరం ఉంది. అందులో శిఖరమే విరిగి, జారుకుంటూ పోయి సముద్రంలో తేలుతుంది. అదీ బాగుందిట గానీ మా పిల్లకి పాత కొండే ఇష్టం. కొత్త ఆటలో ఏ స్టేజీనైనా బల్లలా చదును చేసుకునే వీలు కూడా పెట్టారని వాడు నాకు సంతోషంగా చెప్పాడు. చదును చేసుకోవచ్చు, కాదన్నదెవరు? మీటను మాత్రం ఇద్దరూ కలిసి నొక్కాలి.

మొన్న ఆదివారం ఫోన్ చేస్తే మరదలు చెప్పింది. పిల్లాడు రాత్రిళ్లు ఒక్కడే కూర్చుని మంచు కొండ ఎక్కడం సాధన చేస్తున్నాడట. కొట్టకుండా, ఊరికే ఎక్కుతున్నాడట. ఈ సంగతి చెల్లెలికి తెలుసా అని అడిగాను. ఫోన్ దానికే ఇచ్చింది.

"తెలుసత్తా" అంది అది గుసగుసగా. "అందుకే నేను కార్ల స్టేజీ నేర్చుకుంటున్నా."