రూపమొకటి, అర్థాలనేకం



చాలా కాలానికి టపా వ్రాస్తున్నాను. తెలుగు పండితునికి కంప్యూటరు తీగెలతో పనేమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి, తప్పులేదు. కాని రెండు రోజులపాటు నాకు నిద్ర లేకుండా చేసిన ఒక తీగెను గురించి చెప్పక తప్పదు.

2007 నుండి 2009 వరకు మా తొమ్మిదవ తరగతి పిల్లలచేత వారి వారి ఊళ్ళలోని పల్లెపదాలను సేకరింపజేశాను. సేద్యపు మాటలు, మగ్గపు మాటలు, వంటింటి మాటలు కలిపి సుమారు మూడు వేలు. రాత్రివేళ లేఖినిలో వాటిని నేనే టైపు చేసేవాణ్ణి. కొందరు ముసలివాళ్ళ గొంతులు కూడా రికార్డు చేసి దాచాను. ఆ గొంతుల్లో చాలావాటికి ఇప్పుడు మనుషులు లేరు. సీడీల మీద తీసిన నకళ్ళు ఏనాడో చెడిపోయాయి. మిగిలినది నా పాత కంప్యూటరులోని హార్డ్ డిస్కు ఒక్కటే. కంప్యూటరేమో కన్నుమూసింది.

ఆ డిస్కు ఐడీఈ రకానిది. నలభై పిన్నుల కనెక్టరు, రిబ్బను వంటి వెడల్పాటి కేబులు. 2003 తరువాత సాటా అనే సన్నని తీగె వచ్చి దానిని క్రమంగా త్రోసివేసింది. ఇప్పటి యంత్రాలలో ఐడీఈ తగిలించే చోటే లేదు. అందుచేత దానిని యూఎస్‌బీగా మార్చే చిన్న పెట్టె ఒకటి కొన్నాను. పెట్టెకు టైప్-సి పోర్టు ఉన్నది. వీధి చివర కొట్లో ఒక తీగె తెచ్చి, దానితో ల్యాప్‌టాపుకు కలిపాను. పెట్టె మీద దీపం వెలిగింది, డిస్కు తిరుగుతున్న చప్పుడు వినబడింది. ల్యాప్‌టాపు మాత్రం ఉలకదు, పలకదు. డిస్కు పోయిందనే నిశ్చయించుకున్నాను. పిల్లల రెండేళ్ళ శ్రమ, ఆ ముసలివాళ్ళ మాటలు నా చేతిలోనే నశించాయి కదా అని కుమిలిపోయాను.

మూడవ నాడు మా మేనల్లుడు వచ్చాడు. తన సంచిలోనుండి వేరొక తీగె తీసి తగిలించాడు. డిస్కు లోపలి ఫైళ్ళన్నీ తెరమీద కనబడ్డాయి. “మావయ్యా, డిస్కుకేమీ కాలేదు. నువ్వు తెచ్చింది చార్జింగు తీగె” అన్నాడు. సాధారణ యూఎస్‌బీ తీగెలో విద్యుత్తుకు రెండు, సమాచారానికి రెండు, మొత్తం నాలుగు సన్న తీగెలు ఉండాలట. నా దానిలో సమాచారపు జత అసలే లేదు. పైకి రెండు తీగెలూ కవల పిల్లలే. రంగు ఒకటే, కొసలు ఒకటే.

నాకు వెంటనే నానార్థాలు జ్ఞప్తికి వచ్చాయి. “హరి” అంటే విష్ణువు, సింహము, కోతి, గుఱ్ఱము, కప్ప. రూపమొకటే, అర్థాలు పెక్కు. అయినా వాక్యంలో పడేసరికి సందర్భమే అర్థాన్ని తేల్చివేస్తుంది. కొట్లో కొక్కేనికి వేలాడే తీగెకు సందర్భమేది?

పాతకాలపు పోర్టులలో ఈ చిక్కు తక్కువ. ఆకారమే అర్థం చెప్పేది. ప్రింటరుకు ఇరవై అయిదు పిన్నులు, మానిటరుకు మూడు వరుసల్లో పదిహేను. ఇంటెల్, మైక్రోసాఫ్టు సంస్థలు కలిసి వెలువరించిన పీసీ 99 మార్గదర్శిక వాటికి రంగులు కూడా కేటాయించింది. కీబోర్డుకు ఊదా, మౌసుకు ఆకుపచ్చ, మానిటరుకు నీలం, మైకుకు గులాబి. మా బడిలో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడు సైతం రంగు చూసి తీగెలు తగిలించేవాడు.

అలాగని ఆ రోజులే బంగారమని నేననను. పనికొక తీగె, సొరుగు నిండా చిక్కుముడులు, తొందరపడితే వంగిపోయే పిన్నులు. 1996లో యూఎస్‌బీ తొలి ప్రమాణం వచ్చి ఆ అవస్థను తీర్చింది. దానిని తీర్చిదిద్దినవారిలో అజయ్ భట్ మన దేశంలో పుట్టినవారే కావటం మనకు సంతోషం. 2014లో వచ్చిన టైప్-సి ఇంకొక మెట్టు ఎక్కింది. ఇరవై నాలుగు స్పర్శలు, ఎటు తిప్పి పెట్టినా దిగుతుంది. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుండి కొత్త ఫోన్లకు దానిని తప్పనిసరి చేసింది. మంచి పని. ఇంటికొక చార్జరు చాలునంటే కాదనేవారెవరు?

నా తగవు ఆకారంతో కాదు, పేరుతో. టైప్-సి అనేది కొస ఆకారానికి పేరే గాని తీగె సామర్థ్యానికి కాదు. ఆ కొసలున్న తీగె సెకనుకు 480 మెగాబిట్లే మోయవచ్చు, 40 గిగాబిట్లూ మోయవచ్చు. అరవై వాట్లే ఇవ్వవచ్చు, 240 వాట్లూ ఇవ్వవచ్చు. ఇది నానార్థాల బాధ. దీనికి తోడు పర్యాయపదాల బాధ ఒకటి. 2008లో సెకనుకు 5 గిగాబిట్ల ప్రమాణానికి యూఎస్‌బీ 3.0 అని పేరు పెట్టారు. తరువాత దానినే 3.1 జెన్ 1 అన్నారు, ఆపైన 3.2 జెన్ 1 అన్నారు. వస్తువు మారలేదు, వేగం మారలేదు. పేరు మాత్రం రెండుమార్లు మారింది. నా విద్యార్థి ఎవడైనా ఒకే వ్యాసానికి మూడు శీర్షికలు మార్చి మూడుసార్లు మార్కులడిగితే నేనిచ్చేవాడిని కాను.

ప్రమాణకర్తలు తమ తప్పు గ్రహించినట్లే ఉన్నారు. 2022లో వేగాన్ని, వాట్లను అంకెలలోనే చెప్పే ముద్రలు ప్రకటించారు. అయితే ఆ ముద్ర ధ్రువీకరణ పొందిన వస్తువులకే. ధ్రువీకరణ తప్పనిసరి కాదు గనుక వీధి చివరి కొట్టు వరకు అది రానవసరం లేదు. పప్పు పొట్లం మీద తూకం వేయనిదే అమ్మకూడదని చట్టం ఉన్న దేశం మనది. తీగె మీద కూడా రెండు అంకెలు, “సమాచారం మోయదు” అనే ఒక మాట ముద్రించి తీరాలని ఎందుకు శాసించకూడదు? చార్జింగుకే తయారైన తీగెను అమ్మవద్దని నేననను. అది తానేమిటో కొనేవాడికి చెప్పాలి.

అందాకా నేను చేస్తున్న పని చెబుతాను. ఇంట్లోని ప్రతి తీగెను పరీక్షించి, దాని గుణం కాగితపు ముక్కమీద వ్రాసి, కొసకు దారంతో కట్టాను. మా ఇంటావిడ వాటిని మందుల చీటీలంటున్నది.

మీ అటకమీద కూడా పాత డిస్కులుంటే, వాటిని చదివే పెట్టెలు అంగట్లో దొరుకుతుండగానే దింపి చూడండి. దీపం వెలిగి డిస్కు పలకకపోతే, అది పోయిందని ఏడ్చే ముందు తీగె మార్చి చూడండి. నా మూడు వేల మాటలూ ఇప్పుడు మూడు చోట్ల భద్రంగా ఉన్నాయి.

మీ అభిప్రాయాలు వ్యాఖ్యలలో తెలుపగలరు. విభేదించినా సంతోషమే.