చౌక పడవ అసలు ఖరీదు

మత్స్యకార సోదరులారా, పడవల క్రయవిక్రయాలు సాగించే వర్తక మిత్రులారా!

బర్రె చెరువులో ఉండగా కొమ్ములు చూసి బేరమాడరాదని మన పెద్దలు హెచ్చరించారు. నీటిలో తేలుతున్న పాత పడవను పైరంగు చూసి కొనడం కూడా అటువంటిదే. కొత్త పడవకు పెట్టుబడి చాలని కుటుంబం పాత పడవ వైపు చూడడం ఏమాత్రం తప్పు కాదు. చక్కగా ఎంచుకొనగలిగితే అది వివేకమే. అయితే అమ్మేవారు చెప్పిన ధరనే పడవ ఖరీదుగా భావించడం మాత్రం ప్రమాదకరం.

ఉదాహరణకు, ఒక ఫైబర్ పడవ ఇంజనుతో సహా 90,000 రూపాయలకు వచ్చిందనుకొందాం. అడుగుభాగం మరమ్మతుకు 25,000, ఇంజను బాగుచేయించడానికి 30,000 రూపాయలు అయితే దాని ఖరీదు 1,45,000 రూపాయలవుతుంది. పక్కనే 1,30,000 రూపాయలు చెప్పిన పడవకు 5,000 రూపాయల మరమ్మతు సరిపోతే, నిజానికి చౌక అయినది ఆ రెండవదే. మరమ్మతు ముగిసేవరకు పోయిన వేట దినాల నష్టం దీనికి అదనం. కావున వేటకు సిద్ధమయ్యే నాటికి అయ్యే మొత్తాన్నే ఖరీదుగా లెక్కించండి.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల, మోటారు పడవల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. పాత పడవను పరీక్షించడానికి ఇంతకంటె అనువైన కాలం లేదు. పడవ ఒడ్డున ఉంటుంది, అడుగుభాగం కంటికి కనబడుతుంది, మరమ్మతుకు వ్యవధి చిక్కుతుంది.

ఫైబర్ పడవను నాణెంతో అంగుళమంగుళం తట్టి చూడండి. గట్టి చోట శబ్దం ఖణీమని పలుకుతుంది; పొరలు విడిపోయిన చోట మందంగా వినబడుతుంది. ఇంజను బిగించే వెనుక పలకను చేతితో ఊపి చూడండి. లోపలి కర్ర నీరు పీల్చి కుళ్లితే అది కదులుతుంది. తేలడానికై గదులలో నింపిన ఫోమ్ తడిసినా పడవ బరువెక్కుతుంది. కర్ర పడవ అయితే నీటి మట్టానికి దిగువన పలకలను మొనగల ఇనుముతో గుచ్చి చూడాలి. పురుగు తొలిచిన కర్ర పైకి బాగానే కనిపించి లోపల గుల్లగా ఉంటుంది. డీజిల్ ఇంజను నూనె పాలరంగుకు తిరిగితే దానిలో నీరు చేరినట్లే. ఇంజనును ముందుగా వేడిచేసి ఉంచనీయక, చల్లగా ఉండగానే మీ యెదుట నడిపించమని అడగండి. నీటిలో నడిపి చూచిన పిదపనే మిగిలిన సొమ్ము చెల్లిస్తామని కాగితంపై వ్రాయించుకొనండి.

పత్రాల సంగతి అంతకంటె ముఖ్యం. రిజిస్ట్రేషన్ ఎవరి పేర ఉన్నది? పడవపై పాత రుణం మిగిలి ఉన్నదా? ప్రభుత్వ రాయితీతో వచ్చినదైతే బదిలీకి అనుమతి కావాలా? వీటిని మత్స్యశాఖ కార్యాలయంలో విచారించిన తరువాతనే బయానా ఇవ్వండి. రిజిస్ట్రేషన్ లేని పడవకు డీజిల్ రాయితీ గాని, నిషేధకాలపు భృతి గాని ఆశించలేము.

ఇక పెట్టుబడి విషయం. 2018-19 కేంద్ర బడ్జెట్‌లో కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యాన్ని మత్స్యకారులకు కూడా విస్తరించారు. ఆ సొమ్ము డీజిల్, మంచు, కూలి వంటి నిర్వహణ వ్యయానికి ఉద్దేశించినది. దానినే పడవ కొనుగోలుకు వెచ్చిస్తే, మొదటి వేటకు డీజిల్ పోయడానికి చేపల వ్యాపారి వద్ద అడ్వాన్సు తీసుకొనక తప్పదు. అడ్వాన్సు తీసుకొన్నవాడు తాను పట్టిన చేపను తనకు నచ్చిన చోట అమ్ముకొనలేడు; ధర కూడా వ్యాపారే నిర్ణయిస్తాడు. పడవకు కాలపరిమితి రుణం, నిర్వహణకు కార్డు అన్న భేదాన్ని విడువరాదు.

"బ్యాంకు నెలలు తిప్పుతుంది, వ్యాపారి ఈ రాత్రికే ఇస్తాడు" అని మీలో కొందరంటారు. ఈ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. అందుచేత బ్యాంకు సిబ్బందికి కూడా ఒక మనవి. పాత పడవ అనగానే దరఖాస్తును త్రోసిపుచ్చకండి. తెలిసినవారిచేత విలువ కట్టించి, మరమ్మతు వ్యయాన్ని కూడా కలిపి, నిషేధకాలం ముగియకముందే రుణం మంజూరు చేయండి. రుణగ్రహీతలు కూడా ఏప్రిల్ రాకముందే దరఖాస్తు పెట్టుకొనడం మేలు.

వర్తక మిత్రులకు చివరిమాట. బీటపై రంగు పూసి అమ్మిన పడవ నడిసముద్రంలో నీరు త్రాగితే పోయేది సొమ్ము మాత్రమే కాదు. అందులో నలుగురైదుగురి ప్రాణాలుంటాయి. పడవ లోపాలను వ్రాతపూర్వకంగా తెలిపి అమ్మే వర్తకుని వద్దకే రేవంతా వస్తుంది.

సోదరులారా, పాత పడవ కొనండి. కాని ఒడ్డున చూసి, పత్రాలు చదివి, మొత్తం లెక్క వేసి కొనండి. పడవతోపాటు దానిలో పట్టిన చేప కూడా మీదే కావాలి.