డప్పు వినిపిస్తే చాలదు

ర్యాప్ వీడియోలో కెమెరా ఎవరి వాడలో నిలబడిందన్నది మొదటి ప్రశ్న. పేరు, రాబడి ఎవరికి చేరాయన్నది రెండవది. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం ‘ద మెసేజ్’లో న్యూయార్క్ నల్లజాతి పేదల వీధిని చూపింది. 1989లో ‘ఫైట్ ద పవర్’ కోసం స్పైక్ లీ బ్రూక్లిన్‌లో ఊరేగింపే నడిపాడు. మార్కెట్ బలపడ్డాక ఖరీదైన కార్లు, బంగారు గొలుసులు ఆ తెరను ఆక్రమించాయి.

మన దేశంలో ఈ రెండు ప్రశ్నలూ కులానివే. 2021లో వచ్చిన తమిళ ‘ఎంజాయ్ ఎంజామి’ వీడియోలో అరివు తన అవ్వ వల్లియమ్మాళ్‌ను చూపి, భూమిలేని తోటకూలీల గాథ పాడాడు. ఆ ఏడాదే ఆ పాటను ప్రస్తావించిన రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రంపై అతను లేడు. పా. రంజిత్ తదితరులు నిలదీశాకే అతనికి మరో ముఖచిత్రం దక్కింది.

పేరు నిలపడమంటే ఏమిటో కడప జిల్లాకు తెలుసు. బ్రహ్మంగారిమఠం పరంపరలో దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య శిష్యులుగా నేటికీ స్మరణలో ఉన్నారు. వెండితెర మాత్రం ‘సమరసింహారెడ్డి’ (1999) వంటి చిత్రాలతో సీమను కులం పేరు మోసే కథానాయకునికి, వేటకొడవలికి కుదించింది. సెల్‌ఫోనుతో ర్యాప్ తీస్తున్న సీమ యువత ముందు ఈ రెండు వారసత్వాలూ ఉన్నాయి. డప్పు మోతను తీసుకొని డప్పు కొట్టిన మనిషిని వదిలేస్తే ఆ పాట వెట్టిచాకిరీకి కొత్త రూపమే. అతని పేరు తెరపై పడాలి. రాబడిలో వాటా చేతికందాలి.