గంట కొట్టగానే పని: లిస్ప్ నేర్పిన పాఠం



మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం మేము. కంప్యూటర్ ల్యాబ్‌లో మొదటిసారి కూర్చున్నప్పుడు ఏ మీట నొక్కితే ఏం పాడవుతుందోనని భయపడ్డాం. రికార్డులో ప్రోగ్రాములు చూసి రాశాం, వైవాకు బట్టీ పట్టాం. మార్కులు వచ్చాయి, విద్య రాలేదు. ఆ భయం పోయింది ఒక చిన్న విషయం దగ్గర. దాని పేరు హుక్, అంటే కొక్కెం.

లిస్ప్ భాషను 1958లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జాన్ మెకార్తీ రూపొందించారు. అందులో ఫంక్షన్ కూడా అంకె లాంటి ఒక విలువే. ఒకచోటి నుంచి మరోచోటికి అందించవచ్చు. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో విడుదల చేసిన గ్నూ ఈమాక్స్ ఎడిటర్‌లో ఎక్కువ భాగం ఈ లిస్ప్ కుటుంబపు భాషలోనే ఉంది.

మన హాస్టల్లో గంట కొట్టగానే ఎవరు నీళ్లు పట్టాలో, ఎవరు వడ్డించాలో నోటీసు బోర్డు మీద పేర్లుంటాయి. గంట కొట్టేవాడికి ఆ పనులు తెలియనక్కరలేదు. హుక్ కూడా అలాంటి జాబితాయే. ఫైలు సేవ్ చేసే ముందు ఈమాక్స్ 'బిఫోర్-సేవ్-హుక్' జాబితా చూస్తుంది. 'యాడ్-హుక్'తో అందులో 'డిలీట్-ట్రైలింగ్-వైట్‌స్పేస్' పేరు చేర్చితే, సేవ్ చేసిన ప్రతిసారీ వరుసల చివరి ఖాళీలు వాటంతటవే పోతాయి. మనం పిలవం, సమయం వచ్చినప్పుడు అదే పిలుస్తుంది. దీన్నే కాల్‌బ్యాక్ అంటారు.

మేము మొదట చేసిన తప్పు చెప్పాలి. పేరు ముందు కోట్ గుర్తు పెట్టకుండా ఫంక్షన్‌ను బ్రాకెట్లలో రాశాం. పని అప్పుడే జరిగిపోయింది, జాబితాలో పేరు చేరలేదు. బోర్డు మీద పేరు రాయమంటే వెళ్లి నీళ్లు పట్టినట్టయింది. రెండు గంటలు కూర్చుని కారణం పట్టుకున్నాం. ఆ రెండు గంటల్లో నేర్చుకున్నంత రికార్డు మొత్తం రాసినా నేర్చుకోలేదు.

పేరు లేని ఫంక్షన్‌ను, అంటే లాంబ్డాను కూడా హుక్‌లో పెట్టవచ్చు. కానీ దాన్ని మార్చి మళ్లీ ఎక్కిస్తే పాతదీ కొత్తదీ రెండూ ఉండిపోతాయి. పేరుంటే 'రిమూవ్-హుక్'తో తేలిగ్గా తీసేయవచ్చు. జాబితాలో ఒకటి దోషంతో ఆగితే తరువాతి వాటికి వంతు రాదు. కనుక చేర్చేవాడికి బాధ్యత కూడా ఉంది.

ఇక మా అభిప్రాయం. హాస్టల్ పిల్లలకు కంప్యూటర్ అంటే టైపింగు, ఆఫీసు ప్యాకేజీ అని చెప్పి సరిపెట్టడం అన్యాయం. ముందు ఇంగ్లీషు రానివ్వండి అంటారు కొందరు. ఇంగ్లీషు అవసరమే, కాదనం. కానీ పది ఆదేశాల ఇంగ్లీషు వారంలో వస్తుంది. 'దీన్ని మనం మార్చగలం' అనే ధైర్యం మాత్రం పక్కన ఎవరో ఒకరు కూర్చుంటేనే వస్తుంది. లిస్ప్‌తో ఉద్యోగం వస్తుందా అని అడుగుతారు. ఆ పేరుతో వచ్చేవి తక్కువే. అయితే వెబ్‌పేజీలో బటన్ నొక్కినప్పుడు జావాస్క్రిప్ట్‌లో నడిచేదీ కాల్‌బ్యాకే. ఈమాక్స్‌కు డబ్బు కట్టనక్కరలేదు, దాని సోర్సు ఎవరైనా తెరిచి చూడవచ్చు, మార్చుకోవచ్చు.

పూర్వ విద్యార్థులు వార్షికోత్సవానికి వచ్చి శాలువా కప్పించుకుని వెళ్లిపోకుండా, నెలకొక ఆదివారం పిల్లల పక్కన కూర్చోవాలని కోరుతున్నాం. ముందుగా మా పేర్లు నోటీసు బోర్డు మీద రాసి వెళ్తున్నాం. గంట కొట్టండి, వస్తాం.