పూర్వరంగము

నాటకము ఆరంభమగుటకు ముందు జరుగవలసిన సన్నాహమునకు ప్రాచీనులు పూర్వరంగమని పేరిడిరి. భరతముని నాట్యశాస్త్రమున ఐదవ అధ్యాయము దానికే కేటాయింపబడినది. వాద్యములను తెచ్చి తగిన చోట నుంచుట, గాయకులు తమ స్థానములలో కూర్చుండుట, వాద్యములను సరిచూచుకొనుట మొదలగు పనులు తెర వెనుకనే ముగియవలెనని అందు చెప్పబడినది. ప్రేక్షకుల కన్నులకు కానరాని ఈ పనులకు శాస్త్రకారుడు అంత ప్రాధాన్యమేల యిచ్చెనో నేటి విద్యార్థులు గ్రహింపవలసియున్నది. ఏలయన, నేడు పెక్కు పాఠశాలలలో బాలబాలికలు ఒక పాటను తామే పాడి, ఆడి, సెల్‌ఫోను కెమెరాతో చిత్రించి, వీడియోగా కూర్చుచున్నారు. వారి ఉత్సాహమునకు కొదువ లేదు. తరచుగా కొరవడునది పూర్వరంగమే.

సన్నాహమేల యని వాదించువారు లేకపోలేదు. ఫిలిము వాడిన రోజులలో ప్రతి అడుగునకును ధనము వ్యయమగుచుండెను గావున ముందాలోచన అవసరమయ్యెను. నేడు తీసినది నచ్చకున్న చెరిపివేసి మరల తీయవచ్చును. అన్నియు ముందే నిర్ణయించుకొన్నచో ఆటపాటలలోని సహజత్వము నశించును, అని వారందురు. ఫిలిము ఖర్చు తప్పినమాట వాస్తవమే. కాని కాలపు ఖర్చు తప్పలేదు. ఇరువదిమంది విద్యార్థులు ఏమి చేయవలెనో తెలియక ఒక గంట ఎండలో నిలిచినచో ఇరువది గంటలు వ్యర్థమైనట్లే. పైగా ఆ ఇరువదిమందియు ఒకే స్థితిలో ఉన్నవారు కారు. ఒక బాలిక చీకటి పడకముందే తన ఊరికి పోవు చివరి బస్సు నందుకొనవలెను. ఒక బాలుడు సాయంకాలము తండ్రికి తోడుగా అంగడిలో కూర్చుండవలెను. పని ఆలస్యమైన కొలది ఇట్టివారు ఒక్కరొక్కరుగా వెడలిపోవుదురు. తీరిక గలవారు మాత్రమే తెరపై మిగులుదురు. చక్కని గొంతు గల బాలిక ఆ పాటలో కనిపింపకున్నచో అందులకు కారణము తోడివారి అజాగ్రత్తయే. కావున సన్నాహమును సౌకర్యముగా మాత్రమే ఎంచరాదు. అది అందరికిని చోటు కల్పించు న్యాయము.

ఈ సన్నాహము ఎట్లుండవలెనో ఒక ఉదాహరణముచే తెలిసికొనవచ్చును. ఒక ఉన్నత పాఠశాల విద్యార్థులు మూడు నిమిషముల జానపద గేయమును చెరువు గట్టునను, పాఠశాల ఆవరణమునను చిత్రింపదలచిరనుకొందము. మూడు నిమిషములనగా 180 సెకండ్లు. సెకండునకు 25 ఫ్రేముల చొప్పున 4,500 నిశ్చల చిత్రములు. ఇన్నింటిని ఒకే ఊపున చక్కగా తీయుట ఎవరికిని సులభము కాదు. అందుచేత పాటను పల్లవి, చరణములుగా విడదీసి, ఒక్కొక్క పాదమునకు ఒక్కొక్క షాటును నిర్ణయించి, కాగితముపై పట్టిక గీయవలెను. ఏ పాదము, ఎన్ని సెకండ్లు, ఏ చోటు, ఎవరెవరు, కెమెరా దగ్గరగానా దూరముగానా, చేతిలో ఏ వస్తువు, ఒంటిపై ఏ దుస్తులు అను విషయములన్నియు అందుండవలెను. పిమ్మట పాటలోని వరుసను విడిచి, చోటును బట్టి షాటులను తిరిగి కూర్చుకొనవలెను. మొదటి పాదమును, చివరి పాదమును గట్టుమీదనే జరుగునవైనచో ఆ రెండింటిని ఒకే పూట తీయవచ్చును. బస్సు నందుకొనవలసిన బాలిక షాటులను మొట్టమొదట ముగించి ఆమెను సకాలమున ఇంటికి పంపవచ్చును. ఒక్క కాగితము చేయు ఉపకారమింతటిది.

పేరుగాంచిన దర్శకులును ఈ మార్గముననే నడచిరి. 1957లో వెలువడిన 'మాయాబజార్' చిత్రమునకు దర్శకుడైన కె.వి. రెడ్డి, చిత్రీకరణమునకు పూర్వమే ప్రతి దృశ్యపు నిడివిని లెక్కించుకొనుటకు ప్రసిద్ధుడు. ఆ చిత్రమునకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ. అందలి వెన్నెల దృశ్యములు నేటికిని చూపరులను మురిపించుచున్నవి. ఆ వెన్నెల అదృష్టవశమున లభించినది కాదు. వెలుతురును ఎట్లు మలచవలెనో ఎరిగినవాని నేర్పు వలన పుట్టినది. 2021లో కీవ్ నగరమున మారీన్‌స్కీ ప్రాసాదము ఎదుట చిత్రింపబడి, 2023లో ఆస్కారు బహుమానము పొందిన 'నాటు నాటు' పాటలో ఇద్దరు నటుల అడుగులు ఒకే మనిషి అడుగులవలె కలియును. అభ్యాసము లేక అట్టి కలయిక సాధ్యము కాదు.

సహజత్వము నశించునను శంకకు సంగీతమే సమాధానము చెప్పును. తాళము స్థిరపడిన గాయకుడే మనోధర్మమున స్వేచ్ఛగా విహరింపగలడు. తాళము తప్పుదునేమో యని భయపడువాడు స్వేచ్ఛ నెరుగడు. అట్లే తన వంతు ఎప్పుడు వచ్చునో, ఎచ్చట నిలువవలెనో ముందుగా తెలిసిన బాలుని ముఖమున బెదురుండదు. అతడు నవ్విన నవ్వు నిజమైన నవ్వుగా ఉండును.

అయితే సన్నాహము ఎంత గట్టిదైనను ప్రకృతి దానికి లోబడదు. సత్యజిత్ రాయ్ తన తొలి చిత్రము 'పథేర్ పాంచాలి' కొరకు దృశ్యములను ముందుగా బొమ్మలుగా గీసికొనెను. 1952లో విరగబూసిన రెల్లుపూల నడుమ అక్కాతమ్ముల దృశ్యమును కొంత తీసి, తరువాతి వారము మరల పోగా, పువ్వులను పశువులు మేసివేసియుండెను. మిగిలిన భాగము కొరకు మరుసటి ఏట రెల్లు పూచువరకు వేచియుండవలసి వచ్చెను. వార్షికోత్సవము ఎదుట నున్న విద్యార్థులకు అంత వ్యవధి ఉండదు. అందుచేత వాన కురిసినచో ఏమి చేయవలెను, ఒకరికి జ్వరము వచ్చినచో ఎవరు నిలువవలెను అను ప్రశ్నలకును పట్టికలో సమాధానముండవలెను. పాఠశాల వసారాలో తీయదగిన రెండు షాటులను వాన రోజు కొరకు మిగుల్చుకొనుట బుద్ధిమంతుల లక్షణము.

తరగతిలో నేర్చిన శాస్త్రము కూడ ఇచ్చట అక్కరకు వచ్చును. పాటను ముందుగా ధ్వనిముద్రణము చేసి, దానిని వినిపించుచు పెదవులు కదపుట 1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వారి 'భాగ్యచక్ర' నాటినుండి భారతీయ చిత్రములలో నెలకొన్న పద్ధతి. గాలిలో ధ్వని సెకండునకు సుమారు 340 మీటర్లు పయనించును. లౌడు స్పీకరునకు 34 మీటర్ల దూరమున నిలిచిన బాలునికి పాట సెకండులో పదవ వంతు ఆలస్యముగా వినబడును. అది రెండున్నర ఫ్రేముల కాలము. అందుచేత కెమెరా దూరమున నున్నను లౌడు స్పీకరు మాత్రము పాడువారి చెంతనే, కెమెరాకు కనబడకుండ ఉండవలెను. అట్లే నడినెత్తి సూర్యుడు కనుబొమల క్రింద నల్లని నీడలు నింపును. ఉదయ సాయంకాలముల ఏటవాలు వెలుతురు ముఖములకు మృదుత్వము నిచ్చును. గట్టుపై సూర్యుడు ఏ వేళ ఏ దిక్కున నుండునో ముందొకనాడు పోయి చూచి వచ్చినవారికి ఆ దినమున తడబాటుండదు. బ్యాటరీ నిండుగా నున్నదా, ఫోనులో చోటున్నదా, మధ్యలో ఎవరైన పిలిచి మ్రోగింపకుండ కట్టుదిట్టము చేసితిమా అని చూచుకొనుట చిన్న పనులే యైనను, వానిని మరచుట వలన కలుగు నష్టము చిన్నది కాదు.

సన్నాహములో అన్నింటికంటె ముఖ్యమైనది ఇతరుల ఎడ బాధ్యత. చెరువున బట్టలుతుకు స్త్రీలను, సంతలో కూర్చున్న వృద్ధులను వారి అనుమతి లేక చిత్రించుట మర్యాద కాదు. సినిమా పాటను వాడదలచినచో అది ఒకరి సొత్తని గుర్తింపవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము, తరువాతి సవరణలతో, గేయకర్త జీవించియున్నంత కాలమును, ఆపై 60 సంవత్సరములును అతని రచనకు రక్షణ కల్పించుచున్నది. నాట్లు వేయునపుడు ఊరి అవ్వ పాడిన పాటను గ్రహించినచో ఆమెను అడిగి, వీడియో చివర ఆమె పేరు చూపుట ధర్మము. ఆ పేరు తెరపై చూచినపుడు ఆమెకు కలుగు సంతోషము ఏ బహుమానమునకును తీసిపోదు. ఇక ప్రమాదకరమైన చోట్లను పట్టిక వ్రాయునాడే కొట్టివేయవలెను. అనుమతి లేక రైలు పట్టాలపైకి పోవుట 1989 నాటి రైల్వేల చట్టము ప్రకారము శిక్షార్హమైన నేరము. లోతు తెలియని నీటిలో దిగుట, విద్యుత్తీగల క్రింద పొడవైన కఱ్ఱకు కెమెరా కట్టి ఎత్తుట సాహసములు కావు, అవివేకములు. ఒక ప్రాణముతో సమానమైన పాట లోకమున లేదు.

పని పంచుకొనుటలోను విద్యార్థులు ఒక మాట మరువరాదు. అందరును కెమెరా ఎదుట నిలువగోరుట సహజము. కాని ప్రతి షాటునకు ముందు క్లాపుబోర్డు కొట్టువారు, మొదటి షాటులో పువ్వు కుడిచేత నుండెనా యెడమచేత నుండెనా యని వ్రాసికొనువారు, దాహమైన వారికి మంచినీరందించువారు లేక ఆ పాట పూర్తి కాదు. వారి పేర్లును పట్టికలో మొదటినుండియు ఉండవలెను. ఒకసారి తెరపై కనిపించినవారు మరొకసారి తెర వెనుక పని చేయుట మంచి అలవాటు. అప్పుడు ఒకరి శ్రమ మరొకరికి తెలియును.

పాట ముగిసిన పిమ్మట చూపరులు చప్పట్లు కొట్టుదురు. వారికి ఆ కాగితపు పట్టిక సంగతి తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు. చివరి బస్సు నందుకొని ఇల్లు చేరిన బాలికయు ఆ పాటలో తొలి పాదము పాడుచు కనిపించినచో, ఆ పట్టిక తన పని తాను చేసినట్లే.