దవడ వంకరా, కొలత వంకరా?

అమెరికా ప్రభుత్వం 1988 నుంచి 1994 దాకా జరిపిన జాతీయ ఆరోగ్య సర్వేలో జనం పళ్ళ అమరికను కూడా లెక్కగట్టారు. పాఠ్యపుస్తకంలో చెప్పినట్టు పై వరస, కింది వరస కుదిరినవాళ్ళు నూటికి ముప్ఫై మందే తేలారు. మిగతా డెబ్బై మందికీ ఏదో ఒక తేడా ఉంది. డెబ్బై మందికి ఉన్నదాన్ని లోపమనాలా, ముప్ఫై మందికి ఉన్నదాన్ని అదృష్టమనాలా?

మన చిన్న పట్టణాల్లో సైతం ఇప్పుడు పళ్ళ క్లిప్పుల బోర్డులు కనిపిస్తున్నాయి. ‘పిల్లల్లో సగం మందికి దవడలు సరిగ్గా కుదరవట’ అని ఎవరైనా అంటే అమ్మానాన్నలకు గుండె దడ. కంగారుపడే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏ కొలతతో చూసి చెప్పారు?

మొదటి కొలత పెట్టింది ఎడ్వర్డ్ యాంగిల్ అనే అమెరికన్ దంతవైద్యుడు. ఆరేళ్ళ వయసులో వచ్చే దవడపన్నును గుర్తుగా పెట్టుకుని 1899లో ఆయన మూడు తరగతులు చేశాడు. దవడపళ్ళు కుదిరి, ముందు పళ్ళు మాత్రం గొగ్గిగా ఉంటే మొదటిది. కింది వరస వెనక్కి పోతే రెండోది; మనం ఎత్తుపళ్ళనేవి చాలావరకు ఇందులోకే వస్తాయి. కింది వరస ముందుకు పొడుచుకొస్తే మూడోది. అందమైన ముఖం ఎలా ఉండాలో చెప్పడానికి ఆయన చూపించిన నమూనా వాటికన్‌లోని అపోలో పాలరాతి విగ్రహం. ఆ ముఖం పోలిక తెనాలిలోనో వరంగల్లులోనో పుట్టిన పిల్లకు రావాలని ఎక్కడా లేదు.

అమెరికా లెక్కనే విప్పి చూద్దాం. ఆ డెబ్బై మందిలో యాభై మందికి పైగా మొదటి తరగతివాళ్ళే. అంటే తేడా పళ్ళ వరసలో ఉంది. రెండో తరగతివాళ్ళు పదిహేను మంది. మూడో తరగతివాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. పెద్ద అంకె చెప్పి భయపెట్టేవాళ్ళు ఈ పంపకం మాత్రం చెప్పరు.

జాతిని బట్టి కూడా అంకెలు మారతాయి. కింది దవడ ముందుకొచ్చే మూడో తరగతి మీద ప్రపంచమంతటా జరిగిన అధ్యయనాలను 2012లో ఒకచోట పేర్చి చూశారు. చైనా, మలేసియా జనాల్లో అది నూటికి పదిహేను, పదహారు మందికి కనిపించింది. ఐరోపాలో అయిదుగురికి. భారతీయుల్లో ఒకరికి, కాస్త అటూ ఇటూగా. ఈ మూడు జనాల్లో తక్కువ మనవాళ్ళకే.

ఇక్కడ మేనరికం గుర్తుకు రావడం సహజం. ముందుకొచ్చిన దవడకు చరిత్రలో పేరుమోసింది హాబ్స్‌బర్గ్ రాజవంశం. స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ సొంత మేనకోడలిని పెళ్ళాడాడు. వాళ్ళ కొడుకు రెండో చార్లెస్‌కు ఆహారం సరిగ్గా నమలడమే కష్టమయ్యేది. ఆ వంశం చిత్తరువులను పరిశీలించి, దగ్గరి పెళ్ళిళ్ళు పెరిగినకొద్దీ దవడ కూడా ముందుకొచ్చిందని 2019లో పరిశోధకులు తేల్చారు. మేనమామ పెళ్ళిళ్ళు మనకూ కొత్త కాదు. అయినా ఆ దవడ మన దగ్గర అరుదు. దగ్గరి పెళ్ళిళ్ళు వంశంలో దాగి ఉన్నదాన్ని బయటపెడతాయి గానీ, లేనిదాన్ని పుట్టించవు. మేనరికం వద్దనడానికి వేరే బలమైన కారణాలు ఎన్నో ఉన్నాయి. దవడను సాక్ష్యానికి పిలవనక్కర్లేదు.

వంశం తర్వాత చూడాల్సింది కంచంలోకి. రాబర్ట్ కొరుచ్చిని అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త చండీగఢ్ నగరంలోని కుర్రాళ్ళనూ చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్ళనూ పోల్చి చూశాడు. అదే పంజాబీ రక్తం, కానీ నగరం పిల్లల్లో పళ్ళ వంకర ఎక్కువ. మెత్తటి తిండి తిన్న దవడ పూర్తిగా ఎదగదని ఆయన వాదన. 2004లో హైరాక్స్ అనే చిన్న జంతువులకు వండిన మెత్తటి తిండి పెట్టి చూస్తే, ముఖం కింది భాగం ఎదుగుదల దాదాపు 10 శాతం తగ్గింది. దవడ చిన్నదై పళ్ళు అన్నే ఉంటే, సీట్లు చాలని బస్సులో జనంలా ఒకదాని మీద ఒకటి పడతాయి. మెత్తటి అన్నం, బిస్కెట్లతో పెరిగే పిల్లలకు చెరుకు ముక్కా వేయించిన సెనగలూ నమిలే పని పెడితే నష్టం లేదు. అలాగని వచ్చిన వంకర వాటితో పోదు.

ఇక మన దేశపు సర్వేలు. 1960ల్లో మద్రాసులో చూస్తే పళ్ళ వంకర నూటికి ఇరవై మందికి ఉందన్నారు. అదే దశాబ్దంలో తిరువనంతపురంలో చూసి నలభై తొమ్మిదన్నారు. రెండూ దక్షిణాది అన్నం తినే ఊళ్ళే. అంత తేడా దవడల్లో ఉండటం కష్టం. ఏ వయసువాళ్ళను చూశారు, ఎంత వంకరను వంకర అన్నారు అన్నదాంట్లోనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997లో సర్వేలకు సిఫారసు చేసిన సూచిక కూడా అమెరికన్లకు పళ్ళ ఫొటోలు చూపించి, ఏది బాగుందో ఏది బాగోలేదో వాళ్ళు చెప్పినదాని మీద కట్టిందే.

బ్రిటన్‌వాళ్ళు ప్రశ్ననే మార్చారు. ఎంతమందికి వంకర అని లెక్కపెట్టడం ఆపి, ఎవరికి చికిత్స అవసరం అని అడిగారు. 1989లో అయిదు మెట్ల సూచిక తయారుచేశారు. గ్రహణం మొర్రి, బాగా బయటికి పొడుచుకొచ్చిన పళ్ళు, ఎముకలో ఇరుక్కుపోయిన పళ్ళు పై మెట్లలో ఉంటాయి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల్లో ఆ పై మెట్లవాళ్ళకు అక్కడి ప్రభుత్వ వైద్యం ఉచితం. కాస్త వంకర ఉన్నవాళ్ళు సొంత డబ్బుతో చేయించుకోవాలి. ఎత్తుపళ్ళని బడిలో ఏడిపిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే పిల్లలను కూడా ఆ సూచిక పూర్తిగా వదిలేయలేదు. పళ్ళు చూడడానికి ఎలా ఉన్నాయన్నదానికి అందులో ఒక భాగం ఉంది.

మనకు అలాంటి మెట్లు లేవు గనక బజారే మెట్లు కడుతోంది. డాక్టరు క్లిప్పులు వేయాలంటే తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు అడగాలి. నమలడానికి గానీ మాటకు గానీ ఇబ్బంది ఉందా? పడితే ముందు పళ్ళు విరిగేంత బయటికి ఉన్నాయా? ఇప్పుడు వేయకపోతే తర్వాత చెయ్యలేనిది ఏమైనా ఉందా? మూడింటికీ లేదనే జవాబొస్తే, ఆ ఖర్చు అందం కోసం. అందం కోసం ఖర్చుపెట్టడంలో తప్పు లేదు. దానికి జబ్బు పేరు తగిలించి అప్పు చేయించడమే తప్పు.

ప్రభుత్వం చేయగల పని కూడా ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బళ్ళకు వెళ్ళి పిల్లలను పరీక్షిస్తూనే ఉన్నాయి. పళ్ళ సమస్యలు, గ్రహణం మొర్రి వాళ్ళ జాబితాలో ఉన్నవే. అదే ఫారంలో అవసరాన్ని బట్టి మెట్టు కూడా రాయించి, పై మెట్లలో ఉన్న పేద పిల్లలకు ప్రభుత్వ దంత కళాశాలల్లో ఉచితంగా క్లిప్పులు వేయించాలి. మిగతా పిల్లలకు ఆ ఫారంలో ఒక్క మాట రాసిస్తే చాలు: చికిత్స అవసరం లేదు.